నాన్న డిగ్రీ సెరాంపూర్‌ది, మా చిన్నతనం లోయర్ ట్యాంక్ బండ్‌ది

మా నాన్న బీ.డీ. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే వేదాంతం డిగ్రీ) చదివింది హైదరాబాద్‌లో, లోయర్ ట్యాంక్ బండ్‌లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో. అందరం ఏ.సీ.టీ.సీ. అనే అంటాం. కానీ డిగ్రీ సర్టిఫికెట్ వచ్చింది మాత్రం సెరాంపూర్ పేరు మీద. అప్పుడు నేను స్కూల్లో చదువుకునే పిల్లని, ఇక్కడ చదివితే ఇంకెక్కడో ఊరివాళ్ళు డిగ్రీ ఇవ్వడమేంటో అర్థమయ్యేది కాదు. అడిగితే నాన్న గోడకున్న ఇండియా మ్యాప్ దగ్గరికి తీసుకెళ్ళి, కలకత్తా పక్కన వేలు పెట్టి, "హుగ్లీ నది ఒడ్డున ఉంటుందమ్మా, మన యూనివర్సిటీ" అనేవారు. తను అప్పటికి ఆ ఊరు చూడలేదు. అయినా "మన" అనేవారు.

ఈమధ్య మా పాపకి కాలేజీలు వెతుకుతుంటే ఇంట్లో బ్రోచర్లు పోగుపడ్డాయి. వాటిలో క్రైస్తవ యూనివర్సిటీలవి కూడా ఉన్నాయి, ప్రతి దాంట్లో మిషన్, విజన్, వాల్యూస్ అని ఒక పేజీ. నాన్న భూతద్దం పెట్టుకుని ఆ పేజీలే చదువుతూ కూర్చున్నారు. ఫీజులు, ప్లేస్‌మెంట్లు చూడలేదు. చదివి, "బాగానే రాశారు, మరి హాస్టల్లో వంట చేసేవాళ్ళ పిల్లలకి సీటిస్తారేమో కనుక్కో" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆ కాంపౌండంతా గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఏ.సీ.టీ.సీ. గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం. తెలుగు నేల మీద ఒకప్పుడు ఏ సంఘానికి ఆ సంఘం సెమినరీ, అంటే పాస్టర్లని తయారుచేసే బడి, వేరుగా ఉండేది. లూథరన్లకి రాజమండ్రిలో లూథర్‌గిరి, మా బాప్టిస్టులకి సముద్రం ఒడ్డున రామాయపట్నం, ఇంకా డోర్నకల్ ఒకటి. 1964లో ఆ సంఘాలన్నీ ఒక మాట మీదికొచ్చి రాజమండ్రిలో ఉమ్మడిగా ఒకే కళాశాల మొదలుపెట్టాయి. 1973లో దాన్ని హైదరాబాద్‌కి తెచ్చారు. మేం ఎనభైల చివర్లో వచ్చేసరికి ఆ కాంపౌండ్‌లో ఒంగోలు వాళ్ళు, గుంటూరు వాళ్ళు, కాకినాడ వాళ్ళు, మెదక్ వాళ్ళు, కర్నూలు వాళ్ళు అందరూ ఉన్నారు. మా క్వార్టర్‌కి ఒక పక్క లూథరన్ అంకుల్, ఇంకో పక్క సీఎస్సై (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అంకుల్, వెనక మెథడిస్టు వాళ్ళు. ఒకరి పులుసు వాసన ఇంకొకరి వంటింట్లోకి వచ్చేంత దగ్గర.

బాప్తిస్మం గురించి పెద్దవాళ్ళ మధ్య ఎప్పుడూ ఒక సరదా పోరు నడిచేది. మా బాప్టిస్టులు మనిషిని నీళ్ళలో పూర్తిగా ముంచి ఇస్తారు, లూథరన్లు నీళ్ళు చిలకరిస్తారు. మా ఒంగోలు వైపు ముంచేది గుండ్లకమ్మ ఏట్లో. సాయంత్రం మెట్ల మీద కూర్చుని లూథరన్ అంకుల్ "ఏం అయ్యగారూ, ఎండాకాలం గుండ్లకమ్మ ఎండిపోతే మీ బాప్టిస్టులేం చేస్తారండీ?" అని అడిగేవారు. నాన్న "వానొచ్చేదాకా ఆగుతాం గానీ చెంబుడు నీళ్ళతో సరిపెట్టం" అనేవారు. నవ్వుకునేవాళ్ళు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి మర్నాటి గ్రీకు పాఠం చదువుకునేవాళ్ళు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మా ఊళ్ళో మా తాతగారి తరంలో పక్క సంఘం వాళ్ళ గుళ్ళోకి వెళ్తేనే పెద్దలు పిలిచి అడిగేవాళ్ళు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి, చిలకరింపు బాప్తిస్మం తీసుకున్న మనిషి పక్కన కూర్చుని ఒకే పుస్తకం చదవడం, ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకోవడం అంటే మాటలు కాదు. కీర్తనల పుస్తకం మాత్రం అందరిదీ ముందునుంచీ ఒకటే కాబట్టి పాటల దగ్గర గొడవే లేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకుంటే ఎవరు ఏ సంఘమో ఎవరికీ గుర్తుండేది కాదు.

అసలు మాకు ఆ క్వార్టర్ ఎలా దొరికిందో తర్వాత చాలా ఏళ్ళకి నాన్న చెప్పారు. సెరాంపూర్ కాలేజీకి 1833లో కొన్ని నియమాలు రాసుకున్నారు. అందులో ఒకటి, మాస్టర్ దగ్గర్నుంచి అందరికంటే చిన్న విద్యార్థి దాకా ఎవరికైనా సరే పెళ్ళి అడ్డంకి కాకూడదని. ఎప్పుడో కాగితం మీద రాసిన ఆ మాటే తర్వాత తర్వాత సెమినరీల్లో ఫ్యామిలీ క్వార్టర్స్‌గా మారిందని నాన్న నమ్మకం. అది ఎంతవరకు నిజమో గానీ నాకు ఆ నమ్మకం ఇష్టం. మా అమ్మ, నేను, తమ్ముడు ఆ రెండు గదుల్లో ఉండబట్టే మా నాన్న చదువు మా అందరి చదువూ అయింది.

సెరాంపూర్ కథ కూడా ఆ రెండు గదుల్లోనే విన్నాను, కరెంటు పోయిన రాత్రుళ్ళు. విలియం కేరీ 1793లో ఇండియాకి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి మిషనరీలంటే పడదు, వాళ్ళ ఇలాకాలో పని చెయ్యనివ్వరు. అందుకని 1800లో డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉన్న సెరాంపూర్‌కి మారాడు. అక్కడ మార్ష్‌మన్ అనే బడిపంతులు, వార్డ్ అనే అచ్చుపనివాడు కలిశారు. ముగ్గురూ కలిసి 1818లో కాలేజీ పెట్టారు. క్రైస్తవుల పిల్లలకే కాదు, అందరి పిల్లలకీ. సంస్కృతం లాంటి మన దేశపు చదువులు, యూరప్ సైన్సు రెండూ నేర్పాలని. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ చార్టర్ ఇచ్చాడు, కోపెన్‌హేగన్, కీల్ యూనివర్సిటీల్లాగా డిగ్రీలు ఇచ్చుకోవచ్చని. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు వచ్చింది 1857లో అని గుర్తు పెట్టుకుంటే ఇదెంత ముందో తెలుస్తుంది. చార్టర్ వచ్చినా వెంటనే వాడలేదు, మొదటి బీ.డీ. డిగ్రీలు ఇచ్చింది 1915లో. 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేశాక ఈ డిగ్రీల వ్యవహారం చూసే సెనేట్ వచ్చింది, దేశంలో ఎక్కడెక్కడి వేదాంత కళాశాలలో దానికింద చేరాయి. బెంగళూరు, మదురై, కొట్టాయంలో ఉన్న ఆర్థొడాక్స్ వాళ్ళ సెమినరీ, మా హైదరాబాద్.

తేదీలు నాన్నకి నోటికి వచ్చు. కానీ తేదీలు చెప్పేటప్పుడు గొంతు మారేది కాదు. కేరీ చెప్పులు కుట్టేవాడని చెప్పేటప్పుడు మారేది.

మా ముత్తాత వాళ్ళది తోలుపని చేసే ఇల్లు, ఒంగోలు దగ్గర పల్లె. ఊరిబావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ కాలవలో మట్టి మోసినవాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా ఇంట్లోకి అక్షరం వచ్చింది ఆ దారినే. ముందు మా ముత్తాత ఏసుదాసుకి పంతుళ్ళ దగ్గర ఓనమాలు, తర్వాత తాత రామాయపట్నంలో, తర్వాత నాన్న హైదరాబాద్‌లో.

కేరీ గురించి ఒక కథ చెప్తారు. పెద్ద విందులో ఎవరో దొర, అందరికీ వినపడేలా, ఈయన ఒకప్పుడు చెప్పులు తయారుచేసేవాడట కదా అన్నాడట. కేరీ, తయారుచేసేంత పనిమంతుణ్ణి కాదండీ, పాతవి బాగుచేసేవాణ్ణి అన్నాడట. నాన్న ఈ కథ ప్రసంగాల్లో ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ మా పల్లె మనుషులు వెన్ను నిటారు చేసుకుని కూర్చునేవాళ్ళు. యూనివర్సిటీ పెట్టినవాడు, ముప్ఫైకి పైగా భాషల్లో బైబిల్ మొత్తమో కొంత భాగమో అచ్చు వేయించినవాడు, వాళ్ళ పనే చేసినవాడు! మా నాన్నమ్మ అయితే కేరీ మన మనిషే అని చాలాకాలం అనుకుంది, ఎవరం సరిదిద్దలేదు, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది.

1833 నియమాల్లోనే ఇంకోటి ఉంది. కులం, రంగు, దేశం ఏదీ ఎవరి చేరికకీ అడ్డు కాకూడదని. అప్పటికి మన దేశంలో బడిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది పెద్ద సమస్య. మా వాళ్ళకి అసలు బడే లేదు. అలాంటి రోజుల్లో కాలేజీ నియమాల్లో ఆ మాట రాసి పెట్టుకున్నారు. నాన్న ఆ వాక్యాన్ని తెలుగులో చేతితో రాసి బీరువా తలుపు లోపల అంటించుకున్నారు. బయట కాదు, లోపల. బట్టల కోసం తలుపు తీసినప్పుడల్లా కనపడేది. వారసత్వం అన్న మాట వింటే నాకు రాజుగారి చార్టర్ గుర్తు రాదు, ఆ కాగితమే గుర్తొస్తుంది.

నియమాల్లో మూడోది మా పిల్లల మీదికి వచ్చింది. సెరాంపూర్ కాలేజీలో ఎవరిచేతా ప్రమాణం చేయించకూడదని ఉందట, ఇచ్చిన మాట ఉంటే చాలని. ఇంక మా ఇంట్లో ఒట్టు నిషిద్ధం! బయట అందరూ మదర్ ప్రామిస్, గాడ్ ప్రామిస్ అంటుంటే మేం అనడానికి లేదు. తమ్ముడికి ఇది చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే గోలీలాటలో ఒట్టు వెయ్యకపోతే ఎవరూ నమ్మరు. "నీ మాట నమ్మేలా బతుకు, ఒట్టుతో పనుండదు" అనేవారు నాన్న. వాడిప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, ఇప్పటికీ ఒట్టు వెయ్యడు.

అమ్మ గురించి చెప్పకపోతే అన్యాయం. టెన్త్ దగ్గర చదువు ఆగిపోయి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలతో వచ్చిన మనిషి. విద్యార్థుల భార్యలందరూ కూర్చుని బైబిల్ చదువుకునేవాళ్ళు, పాటలు నేర్చుకునేవాళ్ళు, కుట్టుపని, ఆరోగ్యం సంగతులు. అమ్మ అక్కడే మొదటిసారి పదిమంది ముందు నిలబడి మాట్లాడింది. ముందురోజు రాత్రంతా టెన్షన్, అన్నం తినలేదు. తర్వాత పాతికేళ్ళు ఏ ఊరు వెళ్ళినా స్త్రీల సమాజం నడిపింది. సెరాంపూర్‌లో హన్నా మార్ష్‌మన్ అనే ఆవిడ ఆడపిల్లలకి బడులు పెట్టిందని నాన్న చెప్తే అమ్మ వెంటనే "మరి ముగ్గురు మగవాళ్ళ పేర్లే చెప్తారేం ఎప్పుడూ?" అంది. ఆ రోజు నుంచి నాన్న ప్రసంగంలో నాలుగో పేరు చేరింది.

ఇంట్లో గోడ మీద హీబ్రూ అక్షరాలు ఉండేవి. క్యాలెండర్ వెనకవైపు స్కెచ్ పెన్నుతో రాసి అంటించారు. కుడి నుంచి ఎడమకి చదవాలి. మాకది వింత కాదు, కవాడిగూడలో సగం షాపుల బోర్డుల మీద ఉర్దూ అలాగే ఉండేది కదా. బట్టలు కుట్టించుకునే దర్జీ చాచా దగ్గరికి నాన్న ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే ఆయన ఆలెఫ్, బేత్ విని "అరే, మా అలిఫ్, బే లాగే ఉంది పాస్టర్ సాబ్" అని మిషన్ ఆపి మరీ కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. హీబ్రూ ఇంత తేలిగ్గా హైదరాబాద్‌లో కాకుండా ఇంకెక్కడా వచ్చేది కాదని నాన్న ఇప్పటికీ అంటారు.

వినాయక నిమజ్జనం రోజున లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డంతా జనమే. డప్పులు, లారీలు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నడిచేవాళ్ళు. అమ్మా, సీఎస్సై ఆంటీ బిందెలతో నీళ్ళు పట్టుకెళ్ళి గేటు పక్కన నిలబడేవాళ్ళు. గ్లాసులు కడిగే పని మాది. ఎవరూ చెయ్యమని చెప్పలేదు, కరపత్రాలూ పంచలేదు. దాహంగా ఉన్నవాళ్ళకి నీళ్ళు, అంతే. 1990 మార్చిలో బుద్ధుడి విగ్రహాన్ని హుస్సేన్‌సాగర్‌లోకి తీసుకెళ్తుంటే మునిగిపోయి మనుషులు చనిపోయారు కదా, ఆ రాత్రి మా క్వార్టర్స్‌లో కుటుంబ ప్రార్థనలో ఆ పనివాళ్ళ ఇళ్ళ కోసమే ప్రార్థించారు. విగ్రహం నిలబడేసరికి, 1992 డిసెంబర్‌కి, మేం ఊళ్ళు మారిపోయాం.

నాన్నకి అన్నిటికంటే ఇష్టమైన కథ మాత్రం మంటల కథ. 1812 మార్చి 11న సెరాంపూర్ అచ్చుకూటం కాలిపోయింది. ఏళ్ళ తరబడి రాసిన రాతప్రతులు, నిఘంటువులు, కాగితం, ఎన్నో భాషల సీసం అక్షరాలు, అన్నీ పోయాయి. కరిగి ముద్దైన సీసాన్నే మళ్ళీ పోతపోసి అక్షరాలు చేశారు, కేరీ రాసింది మళ్ళీ మొదటినుంచి రాశాడు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం వచ్చింది, 1818లో తెలుగు కొత్త నిబంధన. ఆ అనువాదం ఏమంత గొప్పది కాదంటారు, తర్వాత తెలుగు బాగా వచ్చినవాళ్ళు చేసినవే నిలిచాయి. నాకదేమీ పెద్ద లోటుగా అనిపించదు. ఎక్కడో హుగ్లీ ఒడ్డున కూర్చుని, ఇంటి మీద ఇంత దెబ్బ పడ్డాక కూడా, తెలుగువాళ్ళకి తెలుగులోనే చెప్పాలి అనుకున్నారు కదా. హీబ్రూ పేపర్ పోయి ఎవరైనా దిగాలుగా కూర్చుంటే నాన్న వెళ్ళి ఈ కథ చెప్పేవారు. మళ్ళీ రాద్దాం పదండి అని వాళ్ళని లేపేవారు.

ఇంత చెప్పి ఇంకో సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. ఆ నియమంలో రాసిన మాట మన సంఘాల్లో ఇంకా పూర్తిగా దిగలేదు. గుడిలో ఎన్నికలొస్తే ఎవరు ఏ కులమో లెక్కలు మొదలవుతాయి, మాల మాదిగ అని చీలికలు, ఆస్తుల మీద కోర్టు కేసులు. పెళ్ళి సంబంధాల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. నాన్న పాస్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఇదే మాట పట్టుకుని మాట్లాడారు, అందుకు ఒకటి రెండు చోట్ల ట్రాన్స్‌ఫర్ కూడా అయ్యారు. క్రైస్తవ విద్యాసంస్థల విలువలు అంటే నేను మొదట చూసేది ఇదే. ఎవరికి తలుపు తీశారు, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టారు, ఫీజు కట్టలేనివాడిని ఏం చేశారు. గోడ మీద వాక్యం ఎంత పెద్దదన్నది నాకు ముఖ్యం కాదు.

సెరాంపూర్ చూడటం నాన్నకి రిటైర్ అయ్యాక కుదిరింది. మా ఆయన ఆఫీసు పని మీద కలకత్తా వెళ్తుంటే అందరం బయల్దేరాం. హౌరాలో లోకల్ ఎక్కితే గంటలోపే. అక్కడివాళ్ళు శ్రీరాంపూర్ అంటారు. నదివైపు తిరిగి ఆ పెద్ద స్తంభాల భవనం, లోపల ఇనప మెట్లు. ఎదురుగా నదికి అవతల బారక్‌పూర్, ఒకప్పుడు గవర్నర్ జనరల్ విడిది ఉన్న చోటు. అంటే ఒక ఒడ్డున రాజ్యం, ఈ ఒడ్డున వీళ్ళు. నాన్న ఆ మెట్లు చాలా నెమ్మదిగా ఎక్కారు, కొంత మోకాళ్ళ నొప్పి, కొంత వేరే. మామూలు డిగ్రీ కాలేజీ పిల్లలు గుంపులుగా సెల్‌ఫోన్లతో తిరుగుతున్నారు, ఆ కాలేజీ ఇప్పుడు కలకత్తా యూనివర్సిటీ కింద నడుస్తుంది, వేదాంత విభాగం, సెనేట్ వేరు. ఒక అబ్బాయి నాన్నని చూసి ఎవరు కావాలని అడిగాడు. నాన్న ఇంగ్లీషులో, "నేను ఇక్కడి స్టూడెంట్‌ని" అన్నారు. అప్పటికి డెబ్బై దగ్గర పడ్డ మనిషి, అంతకుముందు ఆ గేటు కూడా చూడని మనిషి. ఆ అబ్బాయి నవ్వకుండా, "వెల్‌కమ్ బ్యాక్ సర్" అన్నాడు. అంతసేపూ మామూలుగా ఉన్న నాన్న అప్పుడు కళ్ళు తుడుచుకున్నారు.

స్మశానంలో కేరీ సమాధి దగ్గర నాన్న ప్రార్థన చెయ్యలేదు, చదవలేదు. 1829 డిసెంబర్‌లో ఒక ఆదివారం, సతీ నిషేధం చట్టం అనువదించమని కేరీకి వస్తే, ఆరోజు ప్రసంగం వేరేవాళ్ళకి అప్పగించి సాయంత్రానికి బెంగాలీలో పూర్తి చేశాడని, ఒక గంట ఆలస్యమైతే ఒక ఆడమనిషి ప్రాణం పోవచ్చు కదా అని, ఆ సంగతి మా పాపకి చెప్పారు. అది అప్పటికి చిన్నది. "ఆదివారం గుడి మానేశాడా తాతయ్యా?" అంది. "మానెయ్యలేదమ్మా, అదే ఆరోజు ఆయన ఆరాధన" అన్నారు.

ఇప్పుడు నాన్న మాతోనే అల్వాల్‌లో ఉంటున్నారు. చూపు బాగా తగ్గింది. వేదాంతం పుస్తకాలన్నీ కొత్తగా చదువుకుంటున్న పిల్లలకి ఇచ్చేశారు, గ్రీకు నిఘంటువు ఒక్కటి ఉంచుకున్నారు. అప్పటి బ్యాచ్ వాళ్ళలో చాలామంది లేరు, ఉన్నవాళ్ళ నంబర్లు కూడా మారిపోయాయి. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో ఆ లోయర్ ట్యాంక్ బండ్ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళెవరైనా ఇది చదివితే కామెంట్లో ఒక మాట రాయండి. ముఖ్యంగా గుండ్లకమ్మ ఎండిపోతే ఏం చేస్తారని మా నాన్నని ఏడిపించిన లూథరన్ అంకుల్ పిల్లలు. మీ దగ్గర అప్పటి ఫోటోలేవైనా ఉంటే పంపండి, పెద్దగా చేసి నాన్నకి చూపిస్తాను.